అజంతా గోడల మీది జాతక కథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అజంతా వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "బాగుంది, కానీ ఏం బొమ్మలో అర్థం కాలేదు." తప్పు వాళ్లది కాదు. కథ తెలియకుండా ఆ గోడ ముందు నిలబడితే జనం, చెట్లు, ఏనుగులు, మేడలు తప్ప ఇంకేమీ కనబడవు. కథ తెలిసినవాళ్లకి మాత్రం అదే గోడ ముందు నుంచి కదలబుద్ధి కాదు. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెళ్లకముందు

జాతక కథలంటే బుద్ధుడి జీవితకథా, నీతికథలా?

రెండూ కొంత కొంత. గౌతమ బుద్ధుడు బుద్ధుడు కాకముందు ఎత్తిన జన్మల కథలివి. ఆ జన్మల్లో ఆయన్ని బోధిసత్వుడు అంటారు. ఒక జన్మలో రాజు, ఇంకో జన్మలో కోతి, ఏనుగు, హంస, జింక, నాగరాజు, ఒక్కోసారి మామూలు వ్యాపారి. పాళీ భాషలో ఉన్న సంకలనంలో 547 కథలున్నాయి. వీటిలో చాలా కథలు అంతకుముందే జనం నోళ్లలో ఉన్నవి, బౌద్ధులు వాటిని తీసుకుని, ఇందులో ఫలానావాడు బోధిసత్వుడు, ఫలానావాడు దేవదత్తుడు (బుద్ధుడికి ఎదురుతిరిగిన ఆయన బంధువు) అని చివర్లో కలిపారు. దానం, ఓర్పు, సత్యం, ప్రయత్నం లాంటి గుణాలు ఒక్క జన్మలో రావు, జన్మజన్మలుగా కూడబెట్టుకోవాలి అన్నది ఈ కథల వెనక ఉన్న నమ్మకం.

అజంతాలో ఉన్న బొమ్మలన్నీ జాతక కథలేనా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. అందరికీ తెలిసిన బొమ్మ, 1వ గుహలో చేతిలో తామరపువ్వు పట్టుకుని కళ్లు వాల్చుకున్న పద్మపాణి, జాతక కథలోది కాదు, ఆయన అవలోకితేశ్వరుడు, గౌతముడి పాత జన్మ కాదు, కరుణకి రూపంగా బౌద్ధులు కొలిచే వేరే బోధిసత్వుడు. 16వ గుహలో "మరణిస్తున్న రాకుమారి" అని గైడ్లు చూపించే బొమ్మ బుద్ధుడి తమ్ముడు నందుడి కథలోది, అతను సన్యసించాడని తెలిసి భార్య సుందరి కుప్పకూలిపోవడం అన్నమాట. మనసు చెదరగొట్టే మారుడు తన సేనతో బుద్ధుణ్ణి కదిలించాలని చూసే బొమ్మలు బుద్ధుడి సొంత జీవితంలోవి. 17వ గుహలో ఓడలు, రాక్షస స్త్రీలు ఉన్న పెద్ద బొమ్మ సింహళావదానం, అంటే సింహళుడనే వ్యాపారి కథ. ఇవి పోగా మిగిలిన కథా చిత్రాల్లో ఎక్కువ భాగం జాతకాలే.

ఇవి ఎప్పటివి? ఎవరు వేయించారు?

రెండు కాలాలవి, మధ్యలో కొన్ని వందల ఏళ్ల ఖాళీ ఉంది. 9, 10 గుహల్లోని పాత బొమ్మలు క్రీస్తుకు ముందు, సుమారుగా శాతవాహనుల కాలం నాటివి. మిగతా వాటిలో దాదాపు అన్నీ క్రీస్తుశకం 5వ శతాబ్దంలో, వాకాటక రాజు హరిషేణుడి కాలంలో వేసినవి. రాజు ఒక్కడే ఖర్చు పెట్టాడనుకోకండి. 16వ గుహని ఆయన మంత్రి వరాహదేవుడు తొలిపించాడు, 17వ గుహ ఆయన సామంతుడి దానం, 26వ గుహ బుద్ధభద్రుడనే భిక్షువు పూనుకుని చేయించినది. ఇవన్నీ గుహల్లోని శాసనాలే చెబుతున్నాయి. బొమ్మలు వేసినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది అదే.

ముప్ఫై గుహలు చూసే ఓపిక లేదు. జాతక కథల కోసం ఏవి చూస్తే చాలు?

17వ గుహ. టైమ్ ఒక్క గుహకే ఉందంటే ఇదే చూడండి. విశ్వంతరుడు, ఆరు దంతాల ఏనుగు, కోతుల రాజు, రురు జింక, హంస, శ్యాముడు, సుతసోముడు, తల్లిని సాకిన ఏనుగు, ఇలా ఇన్ని జాతకాలు ఒకే చోట ఉన్న గుహ అజంతాలో ఇంకోటి లేదు. తర్వాత 1వ గుహలో మహాజనకుడు, శిబి, నాగరాజుల కథలు, 2వ గుహలో హంస, విధుర పండితుడు, ఓర్పు బోధించిన క్షాంతివాది. 10వ గుహలో బాగా చెరిగిపోయాయి గానీ అజంతాలోకెల్లా పాత జాతక చిత్రాలు అక్కడే ఉన్నాయి, కాబట్టి ఓపిక చేసుకుని లోపలికి వెళ్లి చూడండి.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి?

రైల్లో ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్) దాకా వెళ్లి, అక్కణ్ణుంచి రోడ్డు మీద సుమారు 100 కిలోమీటర్లు. అటు జల్‌గావ్ నుంచైతే ఇంకా దగ్గర, 60 కిలోమీటర్లు. సొంత బండి గుహల దాకా పోనివ్వరు, ఫర్దాపూర్ దగ్గర ఆపి అక్కడి బస్సెక్కాలి. సోమవారం సెలవు. ఎల్లోరాకి మంగళవారం సెలవు, రెండూ కలిపి ప్లాన్ చేసేవాళ్లు ఇది చూసుకోకపోతే ఒక రోజు దండగ. మెట్లెక్కలేని పెద్దవాళ్లకి డోలీలు దొరుకుతాయి.

## గుహలోకి అడుగుపెట్టాక

లోపలంతా చీకటి, ఏమీ కనబడట్లేదు. ఏం చేయాలి?

రెండు నిమిషాలు ఊరికే నిలబడండి. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వస్తే కళ్లకి ఏమీ ఆనదు, ఆ తొందరలో ఫోన్ తీసి నాలుగు ఫొటోలు కొట్టుకుని బయటికొచ్చేసేవాళ్లే ఎక్కువ. బొమ్మలు పాడవకుండా లైట్లు కావాలనే తక్కువ పెట్టారు, ఫ్లాష్ వాడకూడదు. కళ్లు అలవాటు పడ్డాక ముందు ఒక ముఖం వెతకండి, తర్వాత ఆ ముఖం ఎటు చూస్తోందో అటు చూడండి. అజంతాలో చూపులన్నీ కథలో ముఖ్యమైన మనిషి వైపే తిరిగి ఉంటాయి, అవే మిమ్మల్ని తీసుకెళ్తాయి.

గోడ మీద కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో అస్సలు అర్థం కావట్లేదు. ఎటునుంచి చూడాలి?

ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి అని పెట్టుకుంటే మీకు ఏ కథా దొరకదు. చాలా బొమ్మల్లో వరస కాలాన్ని బట్టి కాదు, చోటుని బట్టి ఉంటుంది. రాజభవనంలో జరిగినవన్నీ ఒక దగ్గర, అడవిలో జరిగినవన్నీ ఒక దగ్గర. కథ మొదట్లో భవనంలో ఉన్న రాజు, కథ చివర తిరిగొచ్చిన అదే రాజు, పక్కపక్కనే కూర్చుని కనిపిస్తారు, వాళ్లిద్దరూ వేరువేరు మనుషులనుకుంటే అక్కడే దారి తప్పుతాం. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య గీతలుండవు. ఒక స్తంభమో, ఒక ద్వారమో, ఇటుకల్లాగా పేర్చిన కొండరాళ్లో, ఒక చెట్టో అడ్డం వచ్చిందంటే అక్కడ చోటు మారిందని లెక్క. ద్వారంలోంచి ఎవరైనా బయటికి వెళ్తుంటే కథ అటు వెళ్తోందని. కాబట్టి ఇది మేడ, ఇది ఊరి ద్వారం, ఇది అడవి, ఇది కొలను అని ముందు చోట్లు గుర్తుపట్టండి. తర్వాత ఒకే కిరీటం, ఒకే ఒంటి రంగు ఉన్న మనిషి ఎన్నిసార్లు వచ్చాడో వెతకండి. కథ మీకు ముందే తెలిసుంటే మిగతాది దానంతటదే కుదురుకుంటుంది.

ఇవి ఫ్రెస్కోలేనా? రంగులు ఎలా చేశారు?

చాలామంది ఫ్రెస్కో అనే రాస్తారు గానీ, తడి సున్నం మీద రంగు వేసే అసలు ఫ్రెస్కో పద్ధతి ఇది కాదు. రాతి గోడకి ముందు మట్టి, గడ్డి, ఊక లాంటివి కలిపిన పూత, దాని మీద నున్నటి సన్న పూత, ఆపైన పల్చగా సున్నం. అది ఆరాక, జిగురు కలిపిన రంగులు వేశారు. ఎరుపు, పసుపు ఆ చుట్టుపక్కల దొరికే జేగురు మట్టి నుంచి, నలుపు దీపపు మసి నుంచి, ఆకుపచ్చ ఒక రకం పచ్చరాయి నుంచి. నీలం ఒక్కటే దూరం నుంచి వచ్చింది, అది ఇప్పటి అఫ్గానిస్తాన్ ప్రాంతంలో దొరికే లాజవర్దు రాయి. పాత కాలపు 10వ గుహ బొమ్మల్లో ఈ నీలం ఉండదు, 5వ శతాబ్దపు గుహల్లో ఉంటుంది.

సన్యాసులు ఉండే చోట రాణులు, నాట్యాలు, అంతఃపురాలు ఎందుకు గీశారు?

దేన్ని వదిలి వెళ్తున్నాడో చూపించకపోతే, వదలడం ఎంత కష్టమో ఎలా తెలుస్తుంది? 1వ గుహలో, రాజ్యం వదిలి సన్యసించిన మహాజనకుడి కథ చూడండి. మధ్యలో నర్తకి ఒళ్లు విల్లులా వంచి తిరుగుతూ ఉంటుంది, చుట్టూ ఆడవాళ్లే వేణువులు ఊదుతూ, తాళాలు, మృదంగాలు వాయిస్తుంటారు, పక్కన మండపంలో రాణి రాజు వైపు ఒరిగి కూర్చుని ఉంటుంది. ఆ చిత్రకారుడు దాన్ని అసహ్యంగా గీయలేదు, నగల మీద ఒక్కో ముత్యాన్నీ ప్రేమగా గీశాడు. ఆ అందమంతా ఉండగానే రాజు మనసు ఇంకెక్కడో ఉంది. ఇంకో సంగతి, ఈ గుహలకి భిక్షువులే కాదు, దానాలిచ్చిన గృహస్థులూ వచ్చేవాళ్లు, వాళ్లకి తెలిసిన ప్రపంచం ఇదే.

బొమ్మలు ఇంత నల్లగా, పెచ్చులూడి ఎందుకున్నాయి?

వానాకాలం చెమ్మ, గబ్బిలాలు, పురుగులు, మట్టిపూత తనంతట తాను ఊడిపోవడం ఒక ఎత్తు, మనుషులు చేసింది ఇంకో ఎత్తు. 1819 ఏప్రిల్ 28న వేటకొచ్చిన జాన్ స్మిత్ అనే మద్రాసు సైన్యపు అధికారి ఈ గుహల్ని చూశాడు, 10వ గుహ స్తంభం మీద బొమ్మ పైనే తన పేరు గీకాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ చాలామంది అదే పని చేశారు. మంచి ఉద్దేశంతో జరిగిన నష్టం కూడా ఉంది: 1920 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి ఇద్దరు నిపుణుల్ని పిలిపించి, ఊడిపోతున్న పూతని నిలబెట్టించింది, చాలా బొమ్మలు ఈరోజుకి గోడ మీద ఉన్నాయంటే ఆ పనివల్లే, కానీ అప్పుడు పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపుగా, గోధుమరంగుగా మారిపోయింది. భారత పురావస్తు శాఖ దాన్ని కొంచెం కొంచెంగా తీస్తూ వస్తోంది.

## కథల దగ్గరికొస్తే

ఏనుగు తన దంతాలు తనే కోసిచ్చిన కథ ఏంటి?

ఛద్దంత జాతకం, పైన చెప్పిన ఆరు దంతాల ఏనుగు కథ ఇదే. పాళీ కథలో, హిమాలయాల్లో ఆరు రంగుల కాంతి చిమ్మే దంతాలున్న ఏనుగుల రాజు, అతనికి ఇద్దరు భార్యలు. ఒకరోజు అతను పూసిన మద్దిచెట్టుని ఊపితే పెద్దభార్య మీద పువ్వులు రాలాయి, చిన్నభార్య మీద ఎండుపుల్లలు, ఎర్రచీమలు పడ్డాయి. కావాలని చేసింది కాదు. కానీ చిన్నభార్య మనసులో అది పగగా గడ్డకట్టి, చచ్చిపోయి కాశీరాజు రాణిగా పుట్టి, ఆ దంతాలు కావాలని వేటగాణ్ణి పంపింది. వాడు గుంట తవ్వి, కాషాయం కట్టుకుని దాక్కుని బాణం వేశాడు. ఏనుగు వాణ్ణి చంపగలదు, కానీ ఒంటిమీద కాషాయం చూసి ఆగిపోయింది. వాడు కొయ్యలేకపోతుంటే రంపం తొండంతో పట్టుకుని తనే కోసుకుంది.

17వ గుహలో తామరకొలనులో ఆడుకునే ఏనుగుల గుంపుని తప్పకుండా చూడండి, ఏనుగుల్ని రోజూ చూసినవాడి చేయి అది. 10వ గుహ పాత బొమ్మలోనూ ఇదే కథ ఉంది, అందులో దంతాలు తెచ్చి ముందు పెట్టగానే రాణి స్పృహ తప్పుతుంది. గెలిచింది కదా, ఎందుకు పడిపోయింది? ఎదురుగా ఉన్నవి పోయిన జన్మలో తను ప్రేమించినవాడి దంతాలని ఆమెకి ఆ క్షణంలో గుర్తొచ్చింది. పాళీ కథలో ఆమె ఆ దుఃఖంతోనే చనిపోతుంది.

కోతుల రాజు వంతెనగా మారిన కథలో అసలు ఏం జరుగుతుంది?

గంగ ఒడ్డున పెద్ద మామిడిచెట్టు, దాని మీద కోతుల గుంపు. నీళ్ల మీదికి వాలిన కొమ్మకి ఒక్క కాయ కూడా ఉంచొద్దు, అది నీళ్లలో పడితే ప్రమాదం అని కోతుల రాజు ముందే చెప్పాడు. అయినా చీమలగూడు చాటున ఒక పండు మిగిలిపోయి, నదిలో పడి, కాశీరాజుకి దొరికింది. రుచి మరిగిన రాజు విలుకాళ్లతో వచ్చి చెట్టుని చుట్టుముట్టాడు. కోతుల రాజు అవతలి ఒడ్డుకి దూకి, వెదురు కోసి, ఒక కొస అక్కడి చెట్టుకి కట్టి, రెండో కొస నడుముకి కట్టుకుని వెనక్కి దూకాడు. నడుముకి చుట్టుకున్నంత పొడవు లెక్కలో వేసుకోలేదు, అంతే మేర తక్కువైంది. అందుకని మామిడికొమ్మని చేతులతో పట్టుకుని ఆ లోటు తన ఒంటితో నింపాడు. కోతులన్నీ అతని వీపు మీదుగా దాటిపోయాయి. చివరిగా దాటిన కోతి కావాలని పైనుంచి గుండె పగిలేలా దూకింది, అది ఆ జన్మలో దేవదత్తుడు. 17వ గుహలో ఇదే కాక, గోతిలో పడ్డ మనిషిని కోతి కాపాడితే వాడు రాయెత్తి దాని తల పగలగొట్టే ఇంకో మహాకపి జాతకం కూడా ఉంది, రెండూ కలిపేసుకోవద్దు.

గుడ్డి తల్లిదండ్రుల కొడుకు, రాజు బాణం... ఇది శ్రవణకుమారుడి కథ కాదా?

చాలా దగ్గరి కథే. బౌద్ధుల్లో అతని పేరు శ్యాముడు, బాణం వేసింది దశరథుడు కాదు, కాశీరాజు. నీళ్లకొచ్చిన పిల్లాడికి బాణం తగలడం, అతను తన ప్రాణం గురించి కాకుండా అమ్మానాన్నలకి నీళ్లెవరిస్తారని ఏడవడం రెండింట్లోనూ ఒకటే. ఆపైన దారులు వేరు. రామాయణంలో బిడ్డ పోయి, రాజుకి శాపం తగులుతుంది. జాతకంలో తల్లి, తండ్రి, ఒక దేవత, బిడ్డ మంచితనం మీద ఒట్టేసి సత్యం పలికితే విషం దిగి అతను లేచి కూర్చుంటాడు, తల్లిదండ్రులకి చూపు కూడా వస్తుంది. ఈ కథ 10వ గుహలోనూ, 17వ గుహలోనూ ఉంది.

శిబి చక్రవర్తి మన భారతంలోవాడు కదా, బౌద్ధ గుహలో ఏం చేస్తున్నాడు?

మంచి కథని ఒక్క మతమే దాచుకున్న దేశం కాదు మనది. పావురం కోసం తన మాంసం కోసి తక్కెడలో వేసిన శిబి మహాభారతంలోనూ ఉన్నాడు, సంస్కృత బౌద్ధ గ్రంథాల్లోనూ ఉన్నాడు. 1వ గుహలో తక్కెడ ఉన్న బొమ్మ ఆ పావురం కథే. పాళీ జాతకంలోని శిబి మాత్రం గుడ్డి బ్రాహ్మణుడి వేషంలో వచ్చిన ఇంద్రుడికి తన కళ్లు పెరికించి ఇస్తాడు.

విశ్వంతరుడు కన్నపిల్లల్ని దానం ఇచ్చేస్తాడు. ఇదేం ధర్మమండీ?

అన్నిటికన్నా ఎక్కువమంది, ముఖ్యంగా తల్లులు, అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. కథ ఇది: అడిగితే లేదనని రాకుమారుడు విశ్వంతరుడు, వానలు కురిపించే తెల్ల ఏనుగుని కరువులో ఉన్న కళింగం వాళ్లకి ఇచ్చేశాడు. జనం మండిపడి వెళ్లగొట్టారు. దారిలో గుర్రాలు, రథం కూడా అడిగినవాళ్లకి పోయాయి, భార్య మాద్రి, ఇద్దరు పిల్లలతో నడిచి అడవికి చేరాడు. అక్కడికి జూజకుడనే ముసలి బ్రాహ్మణుడొచ్చాడు. ఇంట్లో పడుచు పెళ్లాం పనివాళ్లు కావాలని పోరుతుంటే, పిల్లల్ని ఇమ్మని అడగడానికి. మాద్రి కాయలకీ పళ్లకీ వెళ్లిన సమయం చూసి అడిగాడు. పిల్లలు భయపడి కొలనులో తామరాకుల కింద దాక్కున్నారు. తండ్రే వాళ్లని పిలిచి అప్పగించాడు.

కథ రాసినవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా దాటలేదు. జూజకుడు పిల్లల్ని కొడుతుంటే తండ్రికి కత్తి తీయాలనిపిస్తుంది, మాద్రి చీకట్లో బిడ్డల్ని వెతుక్కుంటూ తిరిగే భాగం చదివి కన్నీళ్లు పెట్టనివాళ్లు తక్కువ. చివరికి తాత సంజయుడు డబ్బిచ్చి మనవళ్లని విడిపించుకుంటాడు, అందరూ ఒకటవుతారు. బౌద్ధులకి ఇది "నాది" అనే పట్టు చివరిదాకా వదలడం, అందుకే బుద్ధుడి జన్మకి దగ్గరి మానవజన్మగా దీన్ని పెట్టారు. నా మటుకు నాకు, ఇది మనం అనుసరించాల్సిన కథ కాదు, తట్టుకోలేక మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సిన కథ. 17వ గుహలో దీనికి ఇచ్చినంత గోడ చాలా తక్కువ కథలకి ఇచ్చారు. దాని ముందు నిలబడినప్పుడు దానం ఇస్తున్నవాడి కన్నా వింటున్నవాళ్ల ముఖాలు చూడండి.

పాముపడగలున్న రాజులు ఎవరు?

నాగరాజులు. 1వ గుహలో రెండు కథలున్నాయి. శంఖపాలుడు పాము రూపంలో పుట్టమీద వ్రతంలో ఉంటే మనుషులు శూలాలతో పొడిచి, తాళ్లు గుచ్చి ఈడ్చుకుపోతారు, విషం ఉండీ కాటు వేయడు. దారిన పోయే ఒక గృహస్థు తన ఎద్దుల్ని ఇచ్చి విడిపిస్తాడు. చంపేయుడు పాములవాడి చేతికి చిక్కి రాజుగారి ముందు ఆడతాడు, భార్య వచ్చి విడిపించుకుంటుంది. శంఖపాలుడి బొమ్మలో మనకి వీపు తిప్పి కూర్చుని బోధ వింటున్న ఒక స్త్రీ ఉంటుంది. ముఖం పూర్తిగా కనబడదు, అయినా ఎంత శ్రద్ధగా వింటోందో ఆ కూర్చున్న తీరులోనే తెలిసిపోతుంది.

## తిరిగొచ్చాక

పిల్లలకి ఏ కథతో మొదలుపెట్టాలి?

హంసతో. వలలో చిక్కిన రాజహంసని వదిలి పోనని పక్కనే నిలబడ్డ సుముఖుడనే ఇంకో హంస కథ, స్నేహం అంటే ఏంటో ఐదేళ్ల పిల్లలకీ అర్థమవుతుంది. తర్వాత అమ్మ కోసం తిండి మానేసిన ఏనుగు, మునిగిపోతున్నవాణ్ణి కాపాడిన రురు జింక. విశ్వంతరుడి కథ చిన్నపిల్లలకి చెప్పొద్దు, వాళ్లు పిల్లల వైపు నుంచే వింటారు, భయపడతారు.

అజంతా వెళ్లలేను. దగ్గర్లో ఎక్కడైనా చూడొచ్చా?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో అజంతా బొమ్మల నకళ్ల గ్యాలరీ ఉంది. అప్పట్లో అజంతా నిజాం సంస్థానంలో ఉండేది, 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఈ గుహల బాగోగులు చూసింది. నకళ్లే కదా అని తీసిపారేయకండి. అంతకుముందు రాబర్ట్ గిల్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ఏళ్ల తరబడి వేసిన నకళ్లలో చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, తర్వాత జాన్ గ్రిఫిత్స్ అనే చిత్రకారుడి బృందం వేసిన వాటిలోనూ చాలా 1885లో లండన్‌లోనే సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన ఇంకో అగ్నిప్రమాదంలో పోయాయి. గోడ మీద చెరిగిపోయిన భాగాలు కొన్ని మిగిలిన నకళ్లలోనే స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ కథలు మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడా లేవా?

రంగుల్లో కాదు గానీ రాతిలో ఉన్నాయి, అదీ అజంతా 5వ శతాబ్దపు బొమ్మల కన్నా ముందే. అమరావతి స్తూపం మీద ఛద్దంతుడు, శిబి ఉన్నారు. నాగార్జునకొండలోనూ పావురంతో శిబి కథ చెక్కారు. పల్నాడులోని గోలి అనే చిన్న ఊళ్లో విశ్వంతరుడి కథని పొడవాటి రాతిపలక మీద వరసగా చెక్కారు, అది ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం కూడా అక్కడే, ఇంకో భాగం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చెన్నై పని మీద వెళ్తే ఒక పూట అటు కేటాయించండి, గోలి పలక మీద తెల్ల ఏనుగుని ఇచ్చే సన్నివేశం నుంచి చూడటం మొదలుపెట్టండి.